‘హ్యావ్’ను సరిగ్గా వాడటం ఎలా? తెలుగు ‘ఉండు’ను పట్టుకుని నేర్చుకునే పద్ధతి

‘నాకు ఇద్దరు అక్కలు ఉన్నారు.’ ఈ వాక్యంలో కర్త ఎవరు? నేను కాదు, అక్కలు. అందుకే క్రియ ‘ఉన్నారు’ అయింది. అక్కల బదులు ఇల్లు గురించి చెబితే ‘నాకు ఇల్లు ఉంది’ అయ్యేది. ఇంగ్లీషు ఇదే సంగతిని తిరగేసి చెబుతుంది. అక్కడ కర్త ‘ఐ’, అక్కలు కర్మ: ‘ఐ హ్యావ్ టూ ఎల్డర్ సిస్టర్స్’.

ఈ ‘హ్యావ్’కు సరిగ్గా సరిపోయే క్రియ మన వాడుకలో లేదు. బడిలో దాని అర్థం ‘కలిగి ఉండు’ అని రాయిస్తారు. కానీ ‘నేను ఇద్దరు అక్కలను కలిగి ఉన్నాను’ అని ఏ ఇంట్లోనూ ఎవరూ అనరు. చిక్కంతా ఈ అర్థంతోనే మొదలవుతుంది. ‘కలిగి’ని ‘హ్యావింగ్’గా, ‘ఉన్నాను’ను ‘యామ్’గా మార్చేసుకుని ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’ అనేస్తాం. మన దేశంలో ఇది అందరికీ అర్థమవుతుంది, ఎవరూ ఆపరు. విదేశాల్లో చదువుకో ఉద్యోగానికో వెళ్లేవాళ్ల ఇంగ్లీషును కొలిచే ఐఈఎల్‌టీఎస్ మాట్లాడే పరీక్షలో మాత్రం నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి, వాటిలో వ్యాకరణం ఒకటి. పరిచయ వాక్యంలోనే ఈ తప్పు దొర్లితే అక్కడే లెక్కలోకి వస్తుంది.

కాబట్టి ‘కలిగి ఉండు’ను పక్కన పెట్టండి. మన ‘ఉండు’ను గమనించండి. ‘డబ్బు ఉంది’లో ఉన్న ఉండు, ‘వెళ్లి ఉంటాడు’లో ఉన్న ఉండు, రెండూ మీరు రోజూ వాడేవే. ‘హ్యావ్’ కూడా సరిగ్గా ఈ రెండు పనులూ చేస్తుంది: సొంతం చెప్పడం, మరో క్రియకు తోడుగా నిలవడం. ఈ పోలిక మనసులో నిలిస్తే మిగతాదంతా సాధనే.

ముందు రూపాలు

ఇవి నాలుగే. ఐ, యు, వి, దే పక్కన ‘హ్యావ్’. హి, షి, ఇట్, లేదా ఒక మనిషి పేరు పక్కన ‘హ్యాజ్’. గతంలో అందరికీ ‘హ్యాడ్’. ఇక ‘హ్యావింగ్’. దీని సంగతి కాసేపట్లో.

ప్రశ్నకూ, ‘లేదు’కూ ‘డు’ కావాలి: ‘డు యు హ్యావ్ చేంజ్?’, ‘హి డజంట్ హ్యావ్ ఎ కార్’, ‘వి డిడంట్ హ్యావ్ టైమ్’. ఇక్కడ ‘డజంట్ హ్యాజ్’, ‘డిడంట్ హ్యాడ్’ అనే పొరపాటు చాలామంది చేస్తారు. ‘డజంట్’లో ఏకవచనం గుర్తు, ‘డిడంట్’లో గతం గుర్తు అప్పటికే వచ్చేశాయి. ఒకే గుర్తును రెండుసార్లు వేయకూడదు. ‘డు’ వచ్చిన చోట ఎప్పుడూ మూల రూపం ‘హ్యావ్’ మాత్రమే.

బ్రిటన్‌లో ‘హ్యావ్ యు గాట్ ఎ పెన్?’ అని కూడా అడుగుతారు. అర్థం అదే. మీరు మాట్లాడేటప్పుడు ఏదో ఒక పద్ధతికి కట్టుబడితే చాలు. రెండూ కలిపి ‘డు యు హ్యావ్ గాట్’ అంటేనే తప్పు.

‘నాకు’ను ‘ఐ’గా మార్చడం

తెలుగులో సొంతం చెప్పడానికి మనం విభక్తి మారుస్తాం. చుట్టాలైతే ‘నాకు’, చేతిలో డబ్బో వస్తువో అయితే ‘నా దగ్గర’, వస్తువుకు భాగాలైతే ‘ఈ ఇంటికి’. ఇంగ్లీషుకు ఈ తేడాలు అక్కర్లేదు. అన్నిటికీ ఒకే ‘హ్యావ్’.

‘నా దగ్గర వంద రూపాయలున్నాయి’ అంటే ‘ఐ హ్యావ్ ఎ హండ్రెడ్ రూపీస్’. ‘ఈ ఇంటికి మూడు గదులున్నాయి’ అంటే ‘దిస్ హౌస్ హ్యాజ్ త్రీ రూమ్స్’. ‘నా దగ్గర’ను మాటకు మాట మార్చి ‘మనీ ఈజ్ దేర్ నియర్ మి’ అంటే, డబ్బు నా పక్కన ఎక్కడో పడి ఉందన్న అర్థం వస్తుంది.

చేయాల్సింది ఇది: ‘ఉంది’తో ముగిసే తెలుగు వాక్యం మనసులో రాగానే, ఎవరికి ఉంది అని అడగండి. ఆ మనిషినో వస్తువునో తెచ్చి వాక్యం మొదట్లో కర్తగా కూర్చోబెట్టండి. ‘ఎవరికి’కి జవాబు లేకుండా ‘ఎక్కడ’కు మాత్రమే జవాబుంటే ‘హ్యావ్’ వద్దు, ‘దేర్ ఈజ్’ వాడండి. ‘మా వీధిలో బావి ఉంది’ అంటే ‘దేర్ ఈజ్ ఎ వెల్ ఇన్ అవర్ స్ట్రీట్’. ‘మా కాలేజీలో మూడు ల్యాబులున్నాయి’ని రెండు విధాలుగానూ చెప్పొచ్చు: ‘అవర్ కాలేజ్ హ్యాజ్ త్రీ ల్యాబ్స్’ లేదా ‘దేర్ ఆర్ త్రీ ల్యాబ్స్ ఇన్ అవర్ కాలేజ్’. రెంటినీ కలిపేసి ‘ఇన్ అవర్ కాలేజ్ హ్యావింగ్ త్రీ ల్యాబ్స్’ అంటే ఆ వాక్యానికి కర్తా ఉండదు, క్రియా ఉండదు.

‘గా ఉంది’ దగ్గర ఆగి ఆలోచించాలి. ‘ఆకలిగా ఉంది’, ‘చలిగా ఉంది’, ‘భయంగా ఉంది’. వీటికి ఇంగ్లీషులో విశేషణాలున్నాయి కాబట్టి ‘యామ్’ వస్తుంది: ‘ఐ యామ్ హంగ్రీ’, ‘ఐ యామ్ కోల్డ్’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్’. ‘తలనొప్పిగా ఉంది’, ‘జ్వరంగా ఉంది’. వీటికి నామవాచకాలు వాడతారు కాబట్టి ‘హ్యావ్’ వస్తుంది: ‘ఐ హ్యావ్ ఎ హెడేక్’, ‘ఐ హ్యావ్ ఎ ఫీవర్’. ‘ఐ యామ్ కోల్డ్’ అంటే చలేస్తోంది. ‘ఐ హ్యావ్ ఎ కోల్డ్’ అంటే జలుబు చేసింది. డాక్టర్ ముందు ఈ రెండూ తారుమారైతే మందు కూడా తారుమారు కావచ్చు.

క్లాసులో చేయెత్తి ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ అనడం మనకు మామూలే. బయటి దేశాల్లో ‘డౌట్’ అంటే నమ్మకం కుదరకపోవడం. మీరు చెప్పేది నిజమేనా అని అనుమానిస్తున్నట్టు వినిపిస్తుంది. అడగదలచుకున్నప్పుడు ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి.

‘హ్యావింగ్’ ఎప్పుడు తప్పు, ఎప్పుడు ఒప్పు

‘హ్యావింగ్’ అసలే వాడకూడదని కొందరు చెబుతారు. అది కూడా సరికాదు. ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపమైన ఇంగ్లీషు.

పరీక్ష తేలిక. మీ మనసులోని తెలుగు వాక్యం చివర చూడండి. అక్కడ ‘ఉంది, ఉన్నాయి, ఉన్నారు’ ఉంటే అది స్థితి, ‘హ్యావింగ్’ రాదు. ‘చేస్తున్నాను, తింటున్నాను, తాగుతున్నాను, పడుతున్నాను’ లాంటి మాట ఉంటే అది జరుగుతున్న పని, ‘హ్యావింగ్’ నిక్షేపంగా వస్తుంది.

‘నాకు ఐదేళ్ల అనుభవం ఉంది’ అంటే ‘ఐ హ్యావ్ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్’. ఇంటర్వ్యూల్లో ‘ఐ యామ్ హ్యావింగ్’ ఎక్కువగా వినబడేది ఈ వాక్యంలోనే. ‘ఆయన స్నానం చేస్తున్నారు’ అంటే ‘హి ఈజ్ హ్యావింగ్ ఎ బాత్’. ‘ఈ లెక్కతో ఇబ్బంది పడుతున్నాను’ అంటే ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ దిస్ ప్రాబ్లమ్’. ‘షి హ్యాజ్ ఎ బేబీ’ అంటే ఆమెకు ఒక బిడ్డ ఉంది. ‘షి ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ’ అంటే ఆమె తల్లి కాబోతోంది. ఒక్క మాటలో తేడా, కబురు మాత్రం వేరు.

తిండి సంగతి వచ్చింది కాబట్టి: ‘భోజనం అయిందా?’ను ‘ఈజ్ యువర్ లంచ్ ఓవర్?’ అని మార్చకండి. ‘హ్యావ్ యు హ్యాడ్ లంచ్?’ అనండి. అమెరికాలో ‘డిడ్ యు హ్యావ్ లంచ్?’ అని కూడా అడుగుతారు. ఇంటికొచ్చిన వాళ్లను ‘కూర్చోండి, టీ తాగండి’ అనాలంటే ‘ప్లీజ్ హ్యావ్ ఎ సీట్’, ‘హ్యావ్ సమ్ టీ’. మర్యాదగా ఉంటుంది, మాట కూడా హాయిగా సాగుతుంది.

తోడు క్రియగా ‘హ్యావ్’

ఇక్కడ ఎక్కువ సేపు నిలబడాలి. ‘హ్యావ్’ పక్కన క్రియ మూడో రూపం వస్తుంది: గాన్, సీన్, ఈటెన్, డన్, కమ్. ‘హ్యావ్ వెంట్’, ‘హ్యావ్ కేమ్’, ‘హ్యావ్ ఏట్’ అనేవి రెండో రూపాలు పెట్టడం వల్ల వచ్చే తప్పులు. ‘కమ్’కు మూడో రూపం మళ్లీ ‘కమ్’ అనే సంగతి ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

మనకు ఇబ్బంది ఏమిటంటే, తెలుగు భూతకాలం ఒకే మాటతో రెండు పనులు కానిచ్చేస్తుంది. ‘తాళాలు పోగొట్టుకున్నాను’ అంటే నిన్న పోయి ఇవాళ దొరికి ఉండొచ్చు, ఇప్పటికీ దొరక్కపోయి ఉండొచ్చు. ఇంగ్లీషు ఈ రెంటినీ విడదీస్తుంది. ‘ఐ లాస్ట్ మై కీస్’ అంటే అది జరిగిపోయిన ఘటన. ‘ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్’ అంటే ఇప్పటికీ తాళాలు లేవు, తలుపు ముందు నిలబడి ఉన్నాను.

వాక్యంలో కాలం చెప్పే మాటను బట్టి తేల్చండి. నిన్న, మొన్న, పోయిన వారం, రెండేళ్ల క్రితం, ‘2016లో’ లాంటి ముగిసిన కాలం ఉంటే ‘హ్యావ్’ రాదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు, ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’ ఒప్పు. ఇప్పుడే, ఇంకా లేదు, ఎప్పుడైనా, ఇప్పటిదాకా లాంటి మాటలుంటే ‘హ్యావ్’ పెట్టండి: ‘హి హ్యాజ్ నాట్ కమ్ యెట్’, ‘హ్యావ్ యు ఎవర్ సీన్ స్నో?’ చార్మినార్‌నే తీసుకోండి: ‘ఇట్ వాజ్ బిల్ట్ ఇన్ 1591’. కట్టడం 1591లోనే అయిపోయింది కాబట్టి ‘హ్యాజ్’ లేదు. ‘ఇట్ హ్యాజ్ స్టుడ్ దేర్ సిన్స్ 1591’. నిలబడటం ఇవాళ్టికీ సాగుతోంది కాబట్టి ‘హ్యాజ్’ ఉంది.

రెండో వాక్యంలోని ‘సిన్స్’ దగ్గరే మన ‘నుంచి’ పక్కదారి పట్టిస్తుంది. ‘2014 నుంచి’ అంటాం, ‘పదేళ్ల నుంచి’ అని కూడా అంటాం. రెంటికీ ‘నుంచి’యే. ఇంగ్లీషులో మొదలైన చోటు చెబితే ‘సిన్స్’, గడిచిన నిడివి చెబితే ‘ఫర్’. ‘తెలంగాణ హ్యాజ్ బీన్ ఎ సెపరేట్ స్టేట్ సిన్స్ 2014’. ‘ఐ హ్యావ్ బీన్ లివింగ్ ఇన్ హైదరాబాద్ ఫర్ టెన్ ఇయర్స్’. మనం ‘పదేళ్ల నుంచి ఉంటున్నాను’ అని వర్తమానంలో చెబుతాం కాబట్టి ‘ఐ యామ్ లివింగ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అని వచ్చేస్తుంది. ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులు: ‘యామ్’ బదులు ‘హ్యావ్ బీన్’ కావాలి, ‘సిన్స్’ బదులు ‘ఫర్’ కావాలి.

అయితే ఒక చోట మాత్రం తెలుగు మీకు చక్కగా సాయం చేస్తుంది. ‘తిరుపతి వెళ్లాడు’, ‘తిరుపతి వెళ్లొచ్చాడు’. ఈ తేడా తెలియని తెలుగువాళ్లు లేరు. ‘వెళ్లాడు, ఇంకా అక్కడే ఉన్నాడు’ అయితే ‘హి హ్యాజ్ గాన్ టు తిరుపతి’. ‘వెళ్లొచ్చాడు’ అయితే ‘హి హ్యాజ్ బీన్ టు తిరుపతి’. మీ ఎదురుగా కూర్చున్న మనిషి గురించి ‘హి హ్యాజ్ గాన్’ అంటే వినేవాళ్లు తికమకపడతారు.

‘హ్యాడ్’తో జాగ్రత్త

‘హ్యాడ్’ పక్కన మూడో రూపం పెట్టాలంటే గతంలో రెండు సంగతులుండాలి. వాటిలో ముందు జరిగినదానికే ‘హ్యాడ్’. తెలుగులో ‘అప్పటికే’ అనే మాట పడుతుందేమో చూడండి. ‘మేం స్టేషన్‌కు చేరేసరికి రైలు అప్పటికే వెళ్లిపోయింది’ అంటే ‘ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్ వెన్ వి రీచ్డ్ ద స్టేషన్’. ఒకే సంగతి చెబుతున్నప్పుడు ‘ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ యెస్టర్‌డే’ అని ఆపేస్తే, దాని తర్వాత ఏం జరిగిందా అని వినేవాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ‘ఐ వెంట్’ చాలు.

‘ఉండు’ నేరుగా ‘హ్యావ్’ అయ్యే చోట్లు

ఈ కింది పట్టిక కాగితం మీద రాసి కళ్ల ముందు పెట్టుకోండి. ‘హ్యావ్’ ఉన్న చోటల్లా తెలుగులో ఏ మాట ఉందో గమనించండి.

వెళ్లి ఉంటాడు: హి మస్ట్ హ్యావ్ గాన్.
వెళ్లి ఉండొచ్చు: హి మే హ్యావ్ గాన్.
వెళ్లి ఉండడు: హి కాంట్ హ్యావ్ గాన్.
వెళ్లి ఉండాల్సింది (వెళ్లలేదు): హి షుడ్ హ్యావ్ గాన్.
చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి: ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్.

మస్ట్, మే, కాంట్, షుడ్, వుడ్ తర్వాత ‘హ్యావ్’ మారదు. ‘హి మస్ట్ హ్యాజ్’ అనకూడదు. చివరి వాక్యంలో ‘ఇఫ్ యు వుడ్ హ్యావ్ టోల్డ్’ అని చాలామంది అంటారు. ‘వుడ్’ ఉండాల్సింది రెండో సగంలోనే. వినేటప్పుడు ‘షుడ్ హ్యావ్’ అనేది ‘షుడవ్’ అని కలిసిపోయి వస్తుంది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లు కూడా దాన్ని ‘షుడ్ ఆఫ్’ అని తప్పుగా రాస్తుంటారు. మీరు రాయకండి.

‘వెళ్లాలి’, ‘వెళ్లాల్సి వచ్చింది’, ‘వెళ్లక్కర్లేదు’

‘హ్యావ్ టు’ అంటే తప్పనిసరి. పలికేటప్పుడు ‘హ్యాఫ్‌టు’ అని, ‘హ్యాజ్ టు’ను ‘హ్యాస్‌టు’ అని అంటారు. ‘వెళ్లాలి’ అంటే ‘ఐ హ్యావ్ టు గో’. ‘వెళ్లాల్సి వచ్చింది’ అంటే ‘ఐ హ్యాడ్ టు గో’. ‘వెళ్లాల్సి వస్తుంది’ అంటే ‘ఐ విల్ హ్యావ్ టు గో’.

అసలు ప్రమాదం ‘కాదు’ చెప్పేటప్పుడు. ‘యు డోంట్ హ్యావ్ టు కమ్’ అంటే రానక్కర్లేదు, వస్తే మీ ఇష్టం. ‘యు మస్ట్ నాట్ కమ్’ అంటే రాకూడదు. శ్రమ ఎందుకులే అని పెద్దవాళ్లకు చెప్పబోయి ‘మస్ట్ నాట్’ అంటే గడప తొక్కొద్దన్నట్టు ఉంటుంది. ‘హ్యాడ్ బెటర్’ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ‘యు హ్యాడ్ బెటర్ గో’లో ‘వెళ్తే మంచిది, లేకపోతే చూసుకో’ అన్న హెచ్చరిక వినబడుతుంది. పైవాళ్లతో, పెద్దలతో వాడొద్దు.

‘చేయించు’కు ‘హ్యావ్’

తెలుగులో ‘చేయు, చేయించు’ అని ఒక చిన్న ‘ఇంచు’తో పని తేలిపోతుంది. ఇంగ్లీషులో ఆ ‘ఇంచు’ పని ‘హ్యావ్’ చేస్తుంది. వాక్యం వరుస ఇలా ఉంటుంది: హ్యావ్, తర్వాత వస్తువు, తర్వాత మూడో రూపం. ‘బండి బాగు చేయించాను’ అంటే ‘ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్’. ‘క్షవరం చేయించుకున్నాను’ అంటే ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’. ‘ఐ రిపేర్డ్ మై బైక్’ అంటే స్పానర్ పట్టుకుని మీరే కూర్చున్నారని అర్థం.

వరుస మారితే అర్థమే మారిపోతుంది. ‘ఐ హ్యాడ్ మై బైక్ రిపేర్డ్’లో పని చేసింది మెకానిక్. ‘ఐ హ్యాడ్ రిపేర్డ్ మై బైక్’లో అప్పటికే బాగు చేసింది మీరు. ఎవరి చేత చేయించారో చెప్పాలంటే మనిషిని పెట్టి మూల రూపం వాడండి: ‘ఐ విల్ హ్యావ్ హిమ్ కాల్ యు’, అంటే ఆయన చేత మీకు ఫోన్ చేయిస్తాను.

ఒక సెలవు మెయిల్‌ను దిద్దుదాం

ఆఫీసులకు రోజూ వెళ్లే తరహా మెయిల్ ఇది:

‘ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ టూ డేస్. ఐ హ్యావ్ కన్సల్టెడ్ ఎ డాక్టర్ యెస్టర్‌డే. ఐ టెస్టెడ్ మై బ్లడ్. రిపోర్ట్ డిడంట్ కేమ్. ఐ హ్యాడ్ సెంట్ ద ఫైల్స్ టు మై కొలీగ్, సో యు మస్ట్ నాట్ వెయిట్ ఫర్ మి.’

జ్వరం ‘ఉంది’, కాబట్టి ‘హ్యావింగ్’ పోవాలి. రెండు రోజులు నిడివి, కాబట్టి ‘ఫర్’ రావాలి. ‘యెస్టర్‌డే’ ఉంది, కాబట్టి ‘హ్యావ్’ పోవాలి. రక్తపరీక్ష చేయించుకున్నారు, కాబట్టి ‘హ్యాడ్ మై బ్లడ్ టెస్టెడ్’. రిపోర్టు ‘ఇంకా రాలేదు’, కాబట్టి ‘హ్యాజ్ నాట్ కమ్ యెట్’. ఫైళ్లు పంపారు, అవి ఇప్పుడు అక్కడున్నాయి, కాబట్టి ‘హ్యాడ్’ కాదు ‘హ్యావ్’. చివరిది, ఎదురుచూడక్కర్లేదు అని కదా చెప్పాలి. రాసిందేమో పైఅధికారికి నిషేధాజ్ఞలా ఉంది.

దిద్దితే ఇలా అవుతుంది:

‘ఐ హ్యావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ టూ డేస్. ఐ సా ఎ డాక్టర్ యెస్టర్‌డే అండ్ హ్యాడ్ మై బ్లడ్ టెస్టెడ్. ద రిపోర్ట్ హ్యాజ్ నాట్ కమ్ యెట్. ఐ హ్యావ్ సెంట్ ద ఫైల్స్ టు మై కొలీగ్, సో యు డోంట్ హ్యావ్ టు వెయిట్ ఫర్ మి.’

మొదటి వాక్యంలో ‘హ్యావ్ హ్యాడ్’ పక్కపక్కనే ఉండటం చూసి అచ్చుతప్పు అనుకోకండి. ‘హ్యాడ్’ జ్వరం ఉందని చెప్పే మాట. దాని ముందున్న ‘హ్యావ్’ ఆ ఉండటాన్ని రెండు రోజుల కిందటి నుంచి ఇప్పటిదాకా లాక్కొచ్చే తోడు మాట. పైకి చదివేటప్పుడు మొదటిదాన్ని తేలిగ్గా ‘ఐవ్’ అని కలిపేసి, రెండోదాన్ని గట్టిగా పలకండి: ‘ఐవ్ హ్యాడ్ ఎ ఫీవర్’.